గుమ్మం దగ్గర తడి

“ఆపండి దాన్ని! ఎవరైనా ఆపండి!” హాంగోమా మామయ్య కుర్చీలోంచి సగం లేచి అరిచాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. కుక్క తులాబోనా నడవా చివర, పడకగది గుమ్మం ముందు, నడుం వంచి ఉచ్చ పోస్తూనే ఉంది. ఎర్ర పాలిష్ పట్టించి అద్దంలా తోమిన నేల మీద ఆ తడి నీళ్ళలా తేటగా సాగి, తలుపు కింద సందులోంచి గదిలోకి జారిపోతోంది. కుక్క కదల్లేదు. చెవులు వెనక్కి వాల్చి లుయాండో వైపే చూస్తోంది. తప్పని తెలిసీ ఆపుకోలేని పసిపిల్ల చూపు అది.

ముందుగదిలో పెద్దలందరూ నడవా వైపు తిరిగారు. చిబ్వంటు జావ కప్పులు ఎవరి చేతిలోవి వాళ్ళ చేతిలోనే ఉండిపోయాయి.

“మళ్ళీ అక్కడే,” అన్నాడు మామయ్య, ఈసారి మెల్లగా. “ఇంత ఇల్లుంటే అక్కడే. నా మేనల్లుడు పడుకున్న గది గుమ్మంలోనే.”

“దానికి ఒంట్లో బాగాలేదు మామయ్యా,” అంది లుయాండో. గొంతు పూడుకుపోయి సగం మాటే బయటికొచ్చింది. “నీళ్ళు ఊరికే తాగేస్తోంది. అందుకే...”

“ఒంట్లో బాగాలేని కుక్క పెరట్లోకి పోతుందమ్మాయ్. ఎవర్నో చూసి జడుసుకున్న కుక్క నిలబడ్డచోటే పోస్తుంది. అదెవర్ని చూస్తోందో నన్ను చెప్పమంటావా?”

అందరి చూపూ మూసి ఉన్న ఆ తలుపు మీదికి పోయింది. లుయాండో మాత్రం తలుపు వైపు చూడలేదు. భర్త ఫిడెలిస్‌ని మట్టిలో పెట్టి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ తలుపును చీకటి పడ్డాక ఒంటరిగా తెరవలేకపోతోంది. గడప దాటేటప్పుడు ఎవరో పక్కకి తప్పుకుని దారి ఇచ్చినట్టుంటుంది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

“పూసలు పట్టలేదు,” అన్నాడు మామయ్య. “అదీ సంగతి. చట్టమన్నారు, చర్చి అన్నారు, జబ్బులన్నారు. పాతకాలం పద్ధతి వద్దని, మణికట్టుకి నాలుగు తెల్లపూసలు కట్టి, నుదుట పిండి రాసి, నీ మొగుడి నీడ వదిలిపోయిందన్నాం. ఎక్కడ పోయింది? గుమ్మంలోనే నిలబడి ఉంది.”

పూసలు కట్టిన నమూంగా ముసలమ్మ కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. వంశంలో అందరికన్నా పెద్దది. ఆమె కట్టిన ముడి పట్టలేదని ముఖమ్మీదే అనడం ఇదే మొదలు.

“ఆదివారం చర్చి అయ్యాక అందరం ఇక్కడే కూర్చుందాం. చిమూకా నీతో వాళ్ళన్న గదిలోకి వెళ్తాడు, వెనకటివాళ్ళు వెళ్ళినట్టే. విధవ పక్కలో మరిది చేరితేనే పోయినవాడి నీడ వదిలేది. ఆ తర్వాత నువ్వు వాడి పెళ్ళానివి, ఈ ఇల్లు వాడిది. ఫిడెలిస్‌కి శాంతి, మనకి శాంతి.” మామయ్య టోపీ తీసుకున్నాడు. “కుక్క సంగతి కూడా ఆరోజే. తాడు నేను తెస్తాలే.”

వీధిగుమ్మానికి ఆనుకుని నిలబడ్డ చిమూకా తలెత్తలేదు. పిండిమర నుంచి తిన్నగా వచ్చాడేమో, కనురెప్పల మీద కూడా తెల్లగా పిండి. ఇంత పొడుగు మనిషి, మాట్లాడకుండా వచ్చి, మాట్లాడకుండా వరండాలో కూర్చుని, మాట్లాడకుండా పోతాడు. మరిది అనడమే గానీ ఇన్నాళ్ళలో లుయాండో అతని నవ్వు చూసింది లేదు. ఆ చేతుల వైపు చూసి ఆమె చప్పున చూపు తిప్పుకుంది.

తడిగుడ్డతో ముందుకొచ్చింది జోస్టీనా ఒక్కతే. ఫిడెలిస్‌కి అక్క. అంత్యక్రియలకి వచ్చి, “ఒంటరిగా ఎలా ఉంటావు పిల్లా” అని ఉండిపోయిన మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని, ఎవర్నీ ఏమీ అనకుండా, గుమ్మం దగ్గర తడంతా తుడిచేసింది.

*

“పోలీసుల దగ్గరికి పోతాను వదినా,” అంది లుయాండో, పెద్దలు వెళ్ళిపోయాక, వంటింట్లో.

జోస్టీనా పొయ్యి మీంచి మరిగిన నీళ్ళు దించి గిన్నెలో పోస్తోంది. మామయ్యకి సినాజోంగ్వే చెరువొడ్డున చేపలు ఎండబెట్టే రాట్లు ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ఒక సంచీడు కపెంటా తెచ్చి పడేస్తాడు. వేలెడంత లేని చేపలు, ఉప్పులో ఎండినవి. వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే తప్ప నోట పెట్టలేం.

“వెళ్ళు,” అంది జోస్టీనా. “పోలీసులు ఒకరోజు వస్తారు. చుట్టాలు రోజూ వస్తారు.”

లుయాండో గోడకి చేరబడింది. తులాబోనా వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. మూడిళ్ళ అవతలివాళ్ళు కోడి పోయిందని ఫిడెలిస్‌ని దొంగ అన్నప్పుడు ఆయన ఈ కుక్కపిల్లను తెచ్చి ఆ పేరు పెట్టాడు. ‘చూస్తూనే ఉన్నాం’ అని దాని అర్థం. రోజూ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచేవాడు. ఆయన పోయాక అది పడకగది గుమ్మం వదల్లేదు. మగవాళ్ళెవరైనా నడవాలో అడుగుపెడితే పళ్ళు బయటపెట్టేది. దానివల్లే లుయాండోకి కాస్త కన్ను మూతపడేది.

“నాకు నిజం చెప్పు వదినా. ఆయన ఉన్నాడంటావా అక్కడ?”

జోస్టీనా తడిచేతులు నడుముకి చుట్టుకున్న చితెంగే గుడ్డకి తుడుచుకుని దగ్గరికి వచ్చింది. లుయాండో మణికట్టు పట్టుకుని తెల్లపూసల్ని వేలితో ఒక్కొక్కటే తిప్పింది.

“కుక్కలకి కనిపిస్తారంటారు,” అంది. “నాకెవరూ ఈ పూసలు కట్టలేదు పిల్లా. ఒక్కపూట కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. నేను మూసుకోలేదూ? చచ్చిపోయానా?”

“చిమూకాని చూస్తే నాకు...”

“ఎవడైతే ఏముంది! వాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. నాకొచ్చినవాడిని చూస్తే నువ్వు నీ చిబ్వంటు కడవలో దూకేసి ఉండేదానివి.” నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. “తిను. తింటేనే భయం ఆగుతుంది.”

లుయాండో తినలేకపోయింది. ఆమె ముద్ద కూడా జోస్టీనాయే కుక్క గిన్నెలోకి తోసి, పెరటి మెట్టు మీద పెట్టి వచ్చింది.

*

శుక్రవారం పొద్దున్నే మళ్ళీ గుమ్మం తడిసి ఉంది. జోస్టీనా అప్పటికే తుడిచేస్తోంది. లుయాండో చూసీ చూడనట్టు పెరట్లోకి వచ్చి పనిలో పడింది. చేతులు ఆడుతుంటే భయం తెలీదు.

బస్టాండులో ఆమె చిబ్వంటు కోసం జనం ఎదురుచూస్తారు. ఆదివారం ఏం జరిగినా శనివారం అమ్మకం అమ్మకమే. ముంకోయో వేర్లను రాతి మీద పెట్టి, పీచులు పీచులుగా విడిపోయేదాకా సుత్తితో చితక్కొట్టింది. నిన్న కాచి చల్లార్చిన మొక్కజొన్న జావలో ఆ పీచు వేసి కలిపితే, గంటె నిలబడేంత చిక్కటి జావ చూస్తుండగానే పలచబడి తియ్యబడుతుంది. ఆ తర్వాత నీళ్ళు కలిపి వడకట్టాలి. ఆమె నీళ్ళ బకెట్ అందుకుంది, మూత పక్కన పడి ఉంది. బకెట్ సగానికి పోయింది.

నిన్న సాయంత్రం కుళాయి నుంచి తనే మోసి అంచుదాకా నింపింది.

బట్టలు నానబెట్టే తొట్టి చూసింది. అదీ అడుగంటింది. తులాబోనా ఆ తొట్టిలో మూతి పెట్టి, సబ్బునీళ్ళని కూడా చూడకుండా, ఆగకుండా నాకుతోంది. పొట్ట ఉబ్బి డప్పులా ఉంది. కాసేపటికి కక్కుకుంది. కక్కుకుని, తూలుకుంటూ వచ్చి మళ్ళీ నాకింది.

“ఏమైందే నీకు,” అంటూ లుయాండో దాని గిన్నె అందుకుంది, మంచినీళ్ళు పోద్దామని. ఎనామిల్ గిన్నె, పొద్దుటెండకి మెట్టు మీద ఎండిపోయి ఉంది. లోపలి అంచు చుట్టూ తెల్లటి గీత. పిండి అనుకుని గోటితో గీకింది. పిండి కాదు, గరగరలాడింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలీదు, వేలు నాలికకి రాసుకుంది.

ఉప్పు. నాలిక చుర్రుమనేంత ఉప్పు.

గిన్నె చేతిలోంచి జారి మెట్ల మీద మోగింది. లోపల్నుంచి జోస్టీనా, “ఏమైంది పిల్లా?” అని కేకేసింది.

“ఏం లేదు వదినా. గిన్నె పడింది.”

దెయ్యాలు ఉప్పు ముట్టుకోవు. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. అంటే ఎవరో మనిషే. కుక్కకి ఉప్పు తినిపిస్తున్నారు, అది దాహంతో తాగాలని, తాగి పొయ్యాలని, ఆదివారం రావాలని. ఆదివారం వస్తే ఎవరికి లాభం? ఇల్లు ఎవరికొస్తుంది? మంచం ఎవరికొస్తుంది?

రోజూ సాయంత్రం వరండాలో కూర్చునే మనిషి గుర్తొచ్చాడు. కాగితంలో చుట్టి ఏదో తెస్తాడు. కుక్క ముందు పెడతాడు. మగవాళ్ళందర్నీ చూసి పళ్ళికిలించే తులాబోనా అతని చేతిలోంచి మాత్రం తింటుంది.

లుయాండో కుక్కను తొట్టి దగ్గర్నుంచి పక్కకి లాగింది.

*

వచ్చేవారం జావకి రవ్వ ఆడించాలి. అది మంచి సాకు. చక్రాలబండిలో మొక్కజొన్న సంచి వేసుకుని, కుక్కను వెంటబెట్టుకుని, మధ్యాహ్నానికి పిండిమర చేరింది. నలుగురు మనుషులున్న చోట, పగటి వెలుతురులో అడగాలనుకుంది. తీరా వెళ్తే భోజనాల వేళ. మర దగ్గర చిమూకా ఒక్కడే ఉన్నాడు.

వెనక్కి తిరిగిపోదామనుకునేలోపే అతను చూశాడు.

“వదినా.”

అంతే. సంచి దించి, గింజలు మరలోకి ఒంపి, మోటారు వేశాడు. చెవులు గళ్ళుపడేంత మోత. రవ్వ దిగుతుంటే అరచేతిలో పట్టి నలిపి చూసి, జల్లెడ మార్చి మళ్ళీ వేశాడు. చిబ్వంటుకి ఎంత గరుగ్గా ఉండాలో ఆమె చెప్పకుండానే చేస్తున్నాడు. ఆ మోతలో ధైర్యం వచ్చింది లుయాండోకి. అరిచినా ఎవరికీ వినబడదు, అతనికి తప్ప.

“నా కుక్కకేం పెడుతున్నావు?”

అతను మోటారు ఆపాడు. అకస్మాత్తుగా వచ్చిపడ్డ నిశ్శబ్దానికి ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

“ఏమిటి వదినా?”

“కాగితంలో చుట్టి తెస్తావు. ఏం పెడుతున్నావు దానికి?”

చిమూకా గోడ మేకుకి తగిలించిన సంచిలోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. న్షీమా కుండ అడుగున మాడిన మొక్కజొన్న ముద్ద పెచ్చు. పనివాళ్ళ పొయ్యి దగ్గర మిగిలింది.

“ఇదే. అన్నయ్య పెట్టేవాడని.”

“ఉప్పేశావా?”

“న్షీమాలో ఉప్పెవరేస్తారు?” ఆమె ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, కుక్క కోసం దాచిన పెచ్చును విరిచి తన నోట్లో పెట్టుకుని కరకర నమిలాడు. మిగతా సగం ఆమె వైపు చాపాడు. లుయాండో అంచు కొరికి చూసింది. మాడు వాసన, మొక్కజొన్న తీపి. అంతే.

ఆమె సంచుల మీద కూలబడింది. గిన్నె సంగతి చెప్పింది. ఉప్పు సంగతి, బకెట్ సంగతి చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

చిమూకా పిండి చేతులు దులుపుకున్నాడు.

“నేను చేశాననుకున్నావు.”

“మరెవరనుకోను? రోజూ వచ్చి కూర్చుంటావు. ఒక్క మాటాడవు.”

“మామయ్య కూర్చోమన్నాడు. అలవాటు పడుతుంది వెళ్ళు అన్నాడు.” అతని గొంతు వింతగా ఉంది. “ఏం మాట్లాడను వదినా? నీ ముఖం చూడాలంటేనే సిగ్గేసి చస్తున్నాను. పెంబాలో ఒకమ్మాయి ఉంది. వాళ్ళమ్మ నన్ను చూసి కోడిని కోసింది. ఇప్పుడీ సంగతి తెలిస్తే నన్నే కోస్తుంది.”

ఏడుపు మధ్యలో లుయాండోకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే భయమేసింది.

“అలాంటప్పుడు వద్దని చెప్పొచ్చుగా!”

“నువ్వు చెప్పావా?”

ఆమె ముఖం తుడుచుకుంది.

“మామయ్య ముందు మన నోళ్ళు లేవవు,” అన్నాడు చిమూకా. “ఆదివారం తలుచుకుంటే నాకూ అన్నం దిగట్లేదు.”

తులాబోనా కిందపడ్డ రవ్వని వాసన చూసి వదిలేసి, మర పక్కన ఉన్న నీళ్ళ బకెట్‌లో మూతి పెట్టింది. ఇద్దరూ దాన్నే చూశారు.

“దీన్ని నా దగ్గర వదిలెయ్,” అన్నాడతను. “ఇక్కడే ఉంచి మంచినీళ్ళు పెడతాను. ఉప్పు దిగిపోతే బాగవుతుంది.”

“ఇప్పుడు కాదు. రేపు సాయంత్రం తెస్తాను. చేసినవాళ్ళకి తెలియకూడదు. కుక్క నా గదిలో ఉందనే అనుకోవాలి.” మాటలు ఆమె నోట్లోంచే వస్తున్నాయి గానీ ఎవరో పక్కన నిలబడి అందిస్తున్నట్టుంది. “కుక్క లేని ఇంట్లో ఆదివారం పొద్దున గుమ్మం పొడిగా ఉంటే, ఆ గిన్నె పట్టుకుని అందరి ముందూ నిలబడతాను.”

“కుక్క లేకుండా కూడా తడిసి ఉంటే?”

లుయాండో లేచింది. బండి పిడులు పట్టుకుంది.

“అప్పుడు ఫిడెలిసే. ఒప్పుకుంటాను.”

*

ఆ రెండ్రోజులూ తులాబోనాకి తన చేత్తోనే తిండి పెట్టింది. మెట్టు మీద జోస్టీనా పెట్టిన గిన్నెలోని తిండిని అది ముట్టకముందే తీసి బూడిదలో కప్పేసింది. ఎవరు కలుపుతున్నారో చూద్దామని కాదు. ఎవరైనా గోడ దూకి వచ్చి కలుపుతూ ఉండొచ్చు. దొడ్డి గోడ ఎంత ఎత్తని! అలాగే అనుకుంది. ఇంకోలా అనుకోవడానికి మనసు రాలేదు.

శనివారం సాయంత్రం జోస్టీనా చర్చి పాటల సాధనకి వెళ్ళింది. లుయాండో కుక్కను మరకి చేర్చి, ఖాళీ బండి తోసుకుంటూ పెరటి దారిన ఇల్లు చేరింది. జోస్టీనా తిరిగొచ్చేసరికి పడకగది తలుపు మూసి ఉంది.

“కుక్కని నాతోనే పెట్టుకున్నాను వదినా,” అంది లోపల్నుంచి. “ఈ పూట నా కళ్ళ ముందే ఉంచుతాను. పడుకో తులాబోనా. పడుకో తల్లీ.”

ఎవరూ లేని నేల వైపు చూస్తూ ఆ మాటలంది.

“మంచిపని చేశావు,” అంది జోస్టీనా తలుపు అవతల. అక్కడే కాసేపు నిలబడింది. తర్వాత అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది.

తెల్లారి కోళ్ళు కూసి, పక్కింటి రేడియోలో ప్రార్థన పాట మొదలయ్యాకగానీ లుయాండో కళ్ళు తెరవలేదు. కిటికీ పరదా పసుపుపచ్చగా వెలుగుతోంది. నేల పొడిగా ఉంది. గుమ్మం పొడిగా ఉంది. ఆమె మంచం దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో తడిమి చూసింది. పొడి. ఊపిరి వదిలింది.

అప్పుడు వినబడింది.

తలుపు అవతల, సరిగ్గా గుమ్మం దగ్గర, నీళ్ళు పడుతున్న చప్పుడు. సన్నగా, తెరలు తెరలుగా. కుక్క పోసినట్టే. కుక్క లేదు. మైలు దూరంలో మర దగ్గర కట్టేసి ఉంది.

లుయాండో చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. తలుపు కింద సందులోంచి తడి వచ్చింది. నేల మీద నాలుకలా సాగుతూ ఆమె వేళ్ళ దాకా వచ్చింది. వెచ్చగా తగిలింది.

“ఫిడెలిస్,” అంది పెదాలతో. నువ్వేనా. నేనేం చేశాను. పూసలు నేనడిగాను నిజమే. నిన్ను వదిలించుకోవాలని కాదు. నన్ను వదిలెయ్యమనే.

వాసన అప్పుడు కొట్టింది.

ముందు అర్థం కాలేదు. భయంలో ముక్కుని కూడా నమ్మలేం. మళ్ళీ పీల్చింది. ఉచ్చ వాసన కాదు. వేళ్ళు ముఖం దగ్గరికి తెచ్చుకుంది. చెరువొడ్డున ఎండలో పరిచిన చేపల వాసన. నానబెట్టిన కపెంటా నీళ్ళు.

పెరటి గోడ పక్కన ఆ నీళ్ళు పారబోసే చోట ఇరుగుపొరుగు పిల్లులన్నీ చేరి కొట్టుకునేవి. ఈమధ్య ఒక్క పిల్లి కూడా రావడం లేదు. ఆ చోటు ఎప్పుడు ఎండిపోయిందో తను చూడనే లేదు. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నట్టు? ఎవరి గిన్నెలోకి?

తలుపు అవతల మనిషి మెల్లగా, మోకాళ్ళ నొప్పితో, చెయ్యి గోడకి ఆన్చి లేచిన చప్పుడు. ఆ మోకాళ్ళ చప్పుడు లుయాండోకి బాగా తెలుసు.

దెయ్యమైతే బాగుండుననిపించింది ఆమెకి.

*

“మళ్ళీ పోసింది!” జోస్టీనా కేక, చర్చి నుంచి వచ్చిన పెద్దలు గుమ్మంలో చెప్పులు వదులుతుండగానే. “రాత్రంతా కుక్కని లోపలే పెట్టుకుంది, అయినా చూడండి మామయ్యా, లోపల్నుంచి ఎలా కారిందో!”

అందరూ నడవాలోకి వచ్చారు. హాంగోమా మామయ్య తడి దగ్గర ఆగి, తెల్ల చొక్కా మీది నుంచి తాడు చుట్ట దించాడు.

“తలుపు తియ్యమ్మాయ్. ముందు ఆ కుక్కని బయటికి పంపు. చిమూకా ఏడీ?”

లుయాండో తలుపు తీసింది. పూర్తిగా, గోడకి కొట్టుకునేలా తీసింది. మంచం, పెట్టె, కిటికీ. లోపల ఇంకేం లేదు.

జోస్టీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“కుక్కేది?” అన్నాడు మామయ్య.

“నా దగ్గర.” చిమూకా పెరటి వైపు నుంచి వచ్చాడు. చేతిలో తాడు, తాడు చివర తులాబోనా. ఒళ్ళంతా పిండి. రెండ్రోజుల క్రితం తూలిన కుక్క ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద గట్టిగా నిలబడి తోకాడిస్తోంది. “నిన్న సాయంత్రం నుంచీ మర దగ్గరే ఉంది మామయ్యా. ఇంట్లో లేదు.”

ఆడవాళ్ళలో ఎవరో శిలువ గీసుకున్నారు.

మామయ్యే ముందు తేరుకున్నాడు. “విన్నారుగా! కుక్క కూడా కాదు. ఇంకేం సాక్ష్యం కావాలి మీకు? వాడే వచ్చాడు. నేను చెబుతూనే ఉన్నాను!”

జనం వెనక్కి జరిగారు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ లేదు. లుయాండో నమూంగా ముసలమ్మ ముందుకెళ్ళి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

“అవ్వా, నువ్వు కట్టిన పూసలివి. నువ్వే చూడు. ఒక్కసారి వేలు ముంచి వాసన చూడు.”

“ఛీ, పెద్దదాన్ని పట్టుకుని...” అన్నాడు మామయ్య.

“నువ్వుండరా,” అంది ముసలమ్మ. కర్ర పక్కన పెట్టి, నడుం పట్టుకుని వంగి, తడిలో వేలు ముంచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు చిట్లించింది. ఇంకోసారి పెట్టుకుంది.

“ఏమర్రా,” అంది, “మా ఫిడెలిస్ బతికున్నప్పుడు కపెంటా అంటే పడిచచ్చేవాడు, నిజమే. చచ్చాక కపెంటా పులుసే పోస్తున్నాడా?”

ఎవరో ఫక్కున నవ్వి, చప్పున ఆపుకున్నారు. ముసలమ్మ నవ్వలేదు. ఆమె చూపు మనుషుల్ని దాటుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ పొయ్యి పక్కన గిన్నె, అందులో ఉబ్బిన చేపలు, నీళ్ళు లేకుండా.

“కుక్క గిన్నెలో ఉప్పు పేరుకుని ఉంది అవ్వా,” అంది లుయాండో. “ఆ నీళ్ళే దాని తిండిలో కలిపారు. దాహానికి అది నా నీళ్ళ బకెట్ సగం తాగేసింది. ఇక్కడ పోసింది.”

“ఈ ఇంట్లో చేపలు నానబెట్టేదెవరు?”

లుయాండో రోజూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ తడి తుడిచిన చేతుల వైపు చూసింది. “వదినా” అంది, అంతే.

జోస్టీనా గోడకి ఆనుకుని కిందికి జారింది.

“నేనే,” అంది. “నేనే పోశాను. ఏం? నాకెవరైనా పూసలు కట్టారా? నా మొగుడి మట్టి ఆరకముందే ఆ తాగుబోతుని నా గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు. నేను అరిచాను. నా వాళ్ళంతా బయట కూర్చుని విన్నారు. ఆ తర్వాత నా ఇల్లు నాది కాకుండా పోయింది. ఇదిగో, దీనికి పూసలు! దీనికి ఇల్లు! దీనికి కుక్క కాపలా!” ఊపిరి అందక ఆగింది. లుయాండో వైపు చూసింది. ఆ చూపులో కోపం నిలవలేదు. “నిన్ను చూస్తే ఒళ్ళు మండేది పిల్లా. తుడుస్తున్నప్పుడు ఏడుపొచ్చేది. రెండూ నిజమే.”

“సిగ్గులేని మనిషి!” మామయ్య గొంతు పెద్దదైంది. “వంశం పరువు తీశావు. లే, సామాను సర్దుకో. ఈ పూటే...”

“సర్దుకుని ఎక్కడికి పోను?” జోస్టీనా తలెత్తింది. “ఇల్లు చిమూకాదయ్యాక ముందుగది నీదేనన్నావుగా. రోడ్డు వైపు గోడ పగలగొట్టి చేపల కొట్టు పెడతాను, నువ్వు కూర్చుని అమ్ముకో అన్నావుగా.”

మామయ్య ఒకడుగు ముందుకేశాడు.

“నోరు ముయ్యి.”

“కపెంటా సంచీ తెచ్చిచ్చి, ఆ నీళ్ళు పారబొయ్యకు, వృథా చెయ్యకు అన్నప్పుడు నోరు ముయ్యమనలేదేం?”

“జోస్టీనా!”

“అవ్వా, ఇంకొకటి కూడా ఉంది. నా మొగుడి వాళ్ళు ఆరోజు పూసలు చాలన్నారు. వాళ్ళే అన్నారు, నేను గదిలోంచి విన్నాను. చాలదు, పాతపద్ధతే కావాలని పట్టుబట్టింది మన వాళ్ళే. గొళ్ళెం పెట్టిన చెయ్యి మన వాళ్ళదే. ఇన్నేళ్ళూ నేను ఆ చేతికి భోజనం వడ్డించాను.”

ముసలమ్మ కర్ర అందుకుంది. “ఎవరు?” అంది. “పేరు చెప్పు.”

జోస్టీనా పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. మామయ్య ఆమెనే చూస్తున్నాడు. అతని చేతిలో తాడు ఇంకా ఉంది. ఇంటిల్లిపాదీ ఆ చూపుకి తలొంచి బతికినవాళ్ళే. చిమూకా నేల చూపులు చూస్తున్నాడు. లుయాండోకి తెలుసు, ఆ గొంతు ఎందుకు పూడుకుపోయిందో. మొన్న తనదీ అలాగే పూడుకుపోయింది.

ఆమె వెళ్ళి ఆ తడిలోనే జోస్టీనా పక్కన కూర్చుంది. చేప వాసన కొడుతున్న చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“చెప్పు వదినా. నేనున్నాను.”

జోస్టీనా ఒకసారి కళ్ళు మూసుకుంది. తెరిచింది. వేలు చూపించలేదు. తిన్నగా ఆ ముఖంలోకి చూసి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వరస లేకుండా పలకని పేరును, వరస లేకుండా పలికింది.

“హాంగోమా.”